ఈయూ పరిశోధన నిధులు: మీ దశకు, మీ పనికి సరిపోయేది ఏది?

పీహెచ్‌డీ ముగింపుకొచ్చి యూరప్ వైపు చూసేవాళ్ళు చాలామంది మొదట అడిగేది, ఏ పథకంలో డబ్బు ఎక్కువ అని. అక్కడ మొదలుపెడితే ఒక ఏడాది వృథా అయ్యే ప్రమాదం ఉంది. యూరోపియన్ యూనియన్ పెట్టిన ప్రతి పరిశోధన పథకం వెనుకా ఒక ఉద్దేశం ఉంది. ఎవరు అర్హులు, మార్కులు ఎలా వేస్తారు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపేస్తారు అన్నవన్నీ ఆ ఉద్దేశం నుంచి పుట్టిన నిబంధనలే. మీ అవసరం ఆ ఉద్దేశంతో కలిసిన చోట మీ అప్లికేషన్‌కు బలం వస్తుంది. కలవని చోట ఎంత మంచి ఐడియా అయినా నిలబడదు. అందుకే ఇక్కడ ఒక్కో పథకాన్నీ ఎందుకు పెట్టారో చెప్పి, దాన్నిబట్టి అది ఎవరికి పనికొస్తుందో చెబుతాను.

ముందు మొత్తం స్వరూపం. ఇప్పుడు నడుస్తున్న కార్యక్రమం పేరు హొరైజన్ యూరప్. 2021 నుంచి 2027 వరకు ఏడేళ్ళకు మొదట ప్రకటించిన బడ్జెట్ సుమారు 9,550 కోట్ల యూరోలు. ఈ తరహా ఉమ్మడి కార్యక్రమాలు 1984లో మొదలయ్యాయి, పేర్లు మారుతూ కొనసాగుతున్నాయి. యూనియన్‌లోని 27 దేశాల్లో ఎవరి పరిశోధన మండళ్ళు, ఎవరి బడ్జెట్లు వాళ్ళకు ఉన్నాయి. జర్మనీకి డీఎఫ్‌జీ అనే నిధుల సంస్థ ఉంది, ఫ్రాన్స్‌కు సీఎన్‌ఆర్‌ఎస్ అనే జాతీయ పరిశోధన సంస్థ ఉంది. మరి యూనియన్ స్థాయిలో మళ్ళీ డబ్బు ఎందుకు? ఏ దేశమూ ఒంటరిగా చేయలేని పనులు కొన్ని ఉన్నాయి కాబట్టి. పరిశోధకులను సరిహద్దులు దాటించడం వాటిలో ఒకటి. దానికోసం మేరీ స్క్లొడోవ్‌స్కా-క్యూరీ పథకాలు ఉన్నాయి, వాటి వాటా దాదాపు 660 కోట్ల యూరోలు. ఖండమంతటికీ ఒకే పోటీ పెట్టి అత్యుత్తమమైన ఆలోచనను ఏరడం ఇంకొకటి. ఆ పని యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్‌ది, అంటే ఈఆర్‌సీది. దాని వాటా దాదాపు 1,600 కోట్లు. ఆరోగ్యం, వాతావరణం, ఆహారం, డిజిటల్ రంగం వంటి పెద్ద సమస్యల మీద అనేక దేశాల సంస్థల చేత కలిసి పని చేయించడానికి 5,350 కోట్లు పెట్టారు, అన్నిటికంటే పెద్ద వాటా ఇదే. ల్యాబ్‌లో పుట్టినదాన్ని కంపెనీగా నిలబెట్టడానికి యూరోపియన్ ఇన్నొవేషన్ కౌన్సిల్ ఉంది, దాని చేతిలో సుమారు వెయ్యి కోట్లు.

యూనియన్ నడిచే ఒప్పందంలోని 179వ అధికరణం పరిశోధకులు, శాస్త్రజ్ఞానం, సాంకేతికత దేశాల మధ్య స్వేచ్ఛగా తిరగాలంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే తర్వాత చెప్పబోయే నిబంధనల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

పాస్‌పోర్ట్ సంగతి వేరు, సంస్థ అడ్రస్ సంగతి వేరు

మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే, కాబట్టి దీన్ని ముందే తేల్చుకుందాం. దేశాలు మూడు రకాలు. సభ్య దేశాలు. డబ్బు కట్టి కార్యక్రమంలో చేరిన అనుబంధ దేశాలు. మిగతావన్నీ మూడో రకం. నార్వే, ఇజ్రాయెల్, తుర్కియే అనుబంధ దేశాలు. బ్రిటన్ యూనియన్‌ను వదిలేశాక కొన్నాళ్ళు బయటే ఉండి, 2024 జనవరి నుంచి అనుబంధ దేశంగా తిరిగి వచ్చింది. స్విట్జర్లాండ్ 2025 నుంచి చేరింది. న్యూజిలాండ్, కెనడా, దక్షిణ కొరియా ఉమ్మడి ప్రాజెక్టుల భాగానికి మాత్రమే చేరాయి. భారత్ మూడో రకంలో ఉంది.

దీని అర్థం ఏమిటంటే, మీ పాస్‌పోర్ట్ భారతీయమైనది అయినంత మాత్రాన మీకు ఏ అడ్డూ లేదు. క్యూరీ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) ఫెలోషిప్‌లోని యూరోపియన్ రకానికైనా, ఈఆర్‌సీ గ్రాంట్‌కైనా జాతీయత నిబంధన లేదు. యూరప్‌లోనో అనుబంధ దేశంలోనో ఉన్న సంస్థ మిమ్మల్ని తీసుకోవడానికి ఒప్పుకుంటే చాలు. యూరప్ వెలుపలి నుంచి క్యూరీ ఫెలోషిప్‌లు పొందుతున్నవాళ్ళలో భారతీయులు ముందువరుసలో ఉన్నారు. ఇబ్బంది వచ్చేది మీ సంస్థ అడ్రస్ భారత్‌లో ఉన్నప్పుడు. వరంగల్‌లోని కాలేజీ, విజయవాడలోని స్టార్టప్, హైదరాబాద్‌లోని ల్యాబ్ యూరోపియన్ ప్రాజెక్టులో భాగస్వాములు కావచ్చు గానీ, డబ్బు దానంతట అది రాదు. ఆదాయం తక్కువగా ఉన్న చాలా దేశాల సంస్థలకు ఈ కార్యక్రమం నేరుగా నిధులిస్తుంది. భారత్, చైనా, బ్రెజిల్ వంటి పెద్ద ఆర్థిక వ్యవస్థలను మాత్రం 2014లో మొదలైన హొరైజన్ 2020 అనే పాత కార్యక్రమం నుంచే ఆ జాబితాలోంచి తీసేశారు. మీ ఖర్చు మీ దేశం భరించగలదు కదా అన్నది వాళ్ళ వాదన.

కాబట్టి మీ మొదటి నిర్ణయం ఇది: నేను అక్కడికి వెళ్ళదలచుకున్నానా, ఇక్కడే ఉండి వాళ్ళతో పని చేయదలచుకున్నానా? వెళ్ళేవాళ్ళకు దారులు విశాలంగా ఉన్నాయి. ఉండేవాళ్ళకు ఇరుకుగా ఉన్నా, ఉన్నాయి.

మాస్టర్స్, పీహెచ్‌డీ దశలో

మాస్టర్స్ గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్ పరిశోధన బడ్జెట్‌లోది కాదు, విద్యా కార్యక్రమంలోది. అయినా పరిశోధన వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఇంత మంచి మెట్టు అరుదు. కనీసం రెండు దేశాల్లో చదువు, స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు, రెండేళ్ళ వరకు. ఎక్కువ కోర్సుల దరఖాస్తులు అక్టోబరు, జనవరి మధ్య నడుస్తాయి. ఫీజు కట్టుకుని వేరే మాస్టర్స్‌కు వెళ్ళాలా, దీనికి ప్రయత్నించాలా అని అడిగితే ముందు దీనికే ప్రయత్నించమంటాను. అప్పు లేకుండా బయటపడటం ఆ వయసులో ఎంత పెద్ద విషయమో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

పీహెచ్‌డీకి వచ్చేసరికి రెండు దారులను పోల్చాలి. ఒకటి క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్. ఇందులో మీరు బ్రస్సెల్స్‌కు, అంటే నేరుగా యూనియన్‌కు, దరఖాస్తు పెట్టరు. వేర్వేరు దేశాల యూనివర్సిటీలు, కంపెనీలు కలిసి ఒక నెట్‌వర్క్‌గా ఏర్పడి నిధులు గెలుచుకుంటాయి, తర్వాత ఒక్కో పీహెచ్‌డీ స్థానానికి ప్రకటన వేసి మనుషులను తీసుకుంటాయి. ఆ ప్రకటనలు యూరాక్సెస్ పోర్టల్‌లో వస్తాయి. మీరు విద్యార్థిగా కాకుండా ఉద్యోగిగా చేరతారు. జీతం, సామాజిక భద్రత ఉంటాయి. ప్రాజెక్టు కాలంలో మూడో వంతు వరకు వేరే భాగస్వామి దగ్గర, తరచుగా ఏదో ఒక కంపెనీలో పని చేయవచ్చు. రెండోది మామూలు పీహెచ్‌డీ స్థానం. ఒక ప్రొఫెసర్ తన దగ్గరున్న ఈఆర్‌సీ డబ్బుతోనో, తన దేశపు గ్రాంట్‌తోనో మిమ్మల్ని తీసుకుంటారు.

పరిశ్రమలోకి వెళ్ళాలనే ఆలోచన ఉన్నవాళ్ళకు, లేదా ఇంకా ఏదీ తేల్చుకోనివాళ్ళకు నెట్‌వర్క్ మేలు. అక్కడ ఒక గైడ్ మీద పూర్తిగా ఆధారపడాల్సిన పరిస్థితి తక్కువ. గైడ్‌తో సంబంధం చెడితే పీహెచ్‌డీ విద్యార్థి బతుకు ఎలా అవుతుందో చూసినవాళ్ళకు ఈ రక్షణ విలువ తెలుస్తుంది. ఒకే లోతైన ప్రశ్న మీద మనసు పెట్టినవాళ్ళకు ఈఆర్‌సీ టీమ్ మేలు. నెట్‌వర్క్‌లో శిక్షణలు, సమావేశాలు, ప్రయాణాలు చాలా సమయం తీసుకుంటాయి. కాంట్రాక్టు కాలంలో థీసిస్ ముగియకపోతే మిగతా కాలానికి జీతం ఎక్కడి నుంచి వస్తుందో చేరకముందే అడిగి, రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇది అడగడం అమర్యాద కాదు, అక్కడ అందరూ అడుగుతారు.

నెట్‌వర్క్‌కు ఒక గట్టి నిబంధన ఉంది. ఉద్యోగంలో చేరే ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి మీరు ఆ దేశంలో ఉండి ఉండకూడదు. మనుషులను కదిలించడం కోసం పెట్టిన పథకం కాబట్టి అక్కడే ఉన్నవాళ్ళకు ఇవ్వదు. అందువల్ల నెదర్లాండ్స్‌లో రెండేళ్ళ మాస్టర్స్ చేసినవారికి అదే ఊపులో నెదర్లాండ్స్‌లోని నెట్‌వర్క్ స్థానం దొరకదు. పక్కనున్న బెల్జియంలో దొరుకుతుంది. ఈఆర్‌సీ టీమ్‌లో చేరడానికి ఈ అడ్డు లేదు.

పోస్ట్‌డాక్ దశ: ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి

ఈ దశలో మూడు ఎంపికలు నిజంగా పోటీపడతాయి: క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్, ఎవరైనా ప్రొఫెసర్ టీమ్‌లో పోస్ట్‌డాక్ ఉద్యోగం, ఒక దేశం సొంతంగా ఇచ్చే ఫెలోషిప్. మూడోదానికి ఉదాహరణగా జర్మనీలోని హంబోల్ట్‌ను తీసుకుందాం.

క్యూరీ ఫెలోషిప్‌లో ప్రాజెక్టు మీది. ఐడియా మీరు రాస్తారు, దాన్ని చేయించే సూపర్‌వైజర్‌ను, సంస్థను మీరే వెతుక్కుంటారు. ఒకటి నుంచి రెండేళ్ళు. పీహెచ్‌డీ తర్వాత పరిశోధన అనుభవం 8 ఏళ్ళు దాటకూడదు. 36 నెలల్లో 12 నెలల నిబంధన ఇక్కడా ఉంది, కాకపోతే దరఖాస్తు చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తారు. గ్లోబల్ ఫెలోషిప్ అని ఇంకొక రకం ఉంది, అది యూరప్ పౌరులకూ అక్కడ దీర్ఘకాలంగా ఉంటున్నవారికీ ఉద్దేశించినది. నేరుగా ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళు యూరోపియన్ ఫెలోషిప్ అనే రకాన్నే ఎంచుకోవాలి. మామూలుగా వసంతకాలంలో నోటిఫికేషన్ వస్తుంది, సెప్టెంబరులో గడువు ముగుస్తుంది, ఫలితాలు ఫిబ్రవరి ప్రాంతంలో వస్తాయి.

మార్కులు ఎలా వేస్తారో చూడండి. పరిశోధన నాణ్యతకు 50 శాతం, ప్రభావానికి 30, అమలు ప్రణాళికకు 20. మన దగ్గర ప్రాజెక్టు రాసేటప్పుడు సాహిత్య సమీక్ష, మెథడాలజీ మీదే బలమంతా పెడతాం. ఇక్కడ మార్కుల్లో పెద్ద భాగం వేరే చోట ఉంది. ఈ ఫెలోషిప్ మీ కెరీర్‌ను ఎలా మారుస్తుంది, మీరు ఆ ల్యాబ్‌కు ఏం తీసుకెళ్తారు, అక్కడ ఏం నేర్చుకుంటారు, ఫలితాలు ఎవరికి ఎలా చేరతాయి అన్నవి రాయాలి. ముఖ్యమైన భాగానికి పది పేజీల పరిమితి. హైదరాబాద్‌లో సీసీఎంబీ లాంటి చోట పీహెచ్‌డీ చేసిన అభ్యర్థి, యూరప్ ల్యాబ్‌కు తెలియని ఏ నైపుణ్యాన్ని, ఏ నమూనాలను, ఏ అనుభవాన్ని తీసుకెళ్తున్నారో స్పష్టంగా రాస్తే అది బలమైన వాదన అవుతుంది. మనవాళ్ళు వినయంతో ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. దయచేసి అలా చేయకండి.

పోటీ విషయం దాచకుండా చెప్పాలి. 2024లో దరఖాస్తులు 10 వేలు దాటాయి, 2025లో ఒక్కసారిగా 17 వేలు దాటాయి. డబ్బు ఆ స్థాయిలో పెరగలేదు. కాబట్టి దీని ఒక్కదాని మీదే ఏడాదిని పందెం కాయడం మంచిది కాదు.

ఇక్కడే చాలామందికి తెలియని ఒక దారి ఉంది. యూనియన్ పరిశోధన డబ్బులో చాలా భాగం పడమటి, ఉత్తర దేశాలకే చేరుతోందన్న బాధ తూర్పు, దక్షిణ దేశాల్లో ఎప్పటినుంచో ఉంది. కాలువ ఎగువన ఉన్న పొలాలు నిండిపోయి చివరి ఆయకట్టుకు నీరు అందనట్టు. దాన్ని సరిచేయడానికి పోలండ్, చెకియా, పోర్చుగల్, గ్రీస్, స్లొవేనియా, ఎస్తోనియా, హంగరీ, రుమేనియా వంటి 15 దేశాలకు ప్రత్యేకంగా కొంత డబ్బు పక్కన పెట్టారు. మీరు ఈ దేశాల్లోని సంస్థను ఎంచుకుని క్యూరీ ఫెలోషిప్‌కు దరఖాస్తు వేసేటప్పుడు, ఈఆర్‌ఏ (యూరోపియన్ రీసెర్చ్ ఏరియా) ఫెలోషిప్ కూడా కావాలని టిక్ పెట్టవచ్చు. అప్పుడు అసలు పోటీలో 70 శాతం దాటి కూడా తప్పిపోయినవాళ్ళను మంచి మార్కుల వరుసలో ఈ రెండో నిధి తీసుకుంటుంది. వేరే అప్లికేషన్ రాయాల్సిన పని లేదు. మన కుటుంబాల్లో జర్మనీ, ఫ్రాన్స్ అంటే ఒప్పుకున్నంత సులువుగా పోర్చుగల్, చెకియా అంటే ఒప్పుకోరు. కానీ లిస్బన్‌లో, బ్ర్నోలో, లుబ్లియానాలో కొన్ని రంగాలలో ప్రపంచ స్థాయి ల్యాబులున్నాయి. మీ రంగంలో మంచి గ్రూపు అక్కడ ఉంటే దాన్నే మొదటి ఎంపికగా పెట్టుకోమని గట్టిగా చెబుతాను. గ్రూపు మంచిది కాకపోతే ఈ వెసులుబాటు కోసం మాత్రం వెళ్ళవద్దు. రెండేళ్ళ తర్వాత మీ చేతిలో మిగిలేది అక్కడ చేసిన పనే.

జీతం సంగతి. క్యూరీ వెబ్‌సైట్‌లో కనిపించే నెలసరి మొత్తం మీ బ్యాంకులో పడే మొత్తం కాదు. అది యూనియన్ మీ సంస్థకు ఇచ్చే మొత్తం. దేశంలోని జీవన వ్యయాన్ని బట్టి దాన్ని హెచ్చిస్తారు లేదా తగ్గిస్తారు, తర్వాత యజమాని కట్టాల్సిన సామాజిక భద్రత వాటా, మీ వాటా, పన్ను అన్నీ అందులోంచే పోతాయి. కొన్ని దేశాల్లో ఈ కోత చాలా పెద్దది. హోస్ట్ సంస్థ హెచ్‌ఆర్ విభాగానికి మెయిల్ పెట్టి, అన్నీ పోగా చేతికొచ్చేది ఎంత అని అడిగితే చెబుతారు. ఆ కోతకు బదులుగా ఆరోగ్య బీమా, పెన్షన్ హక్కు, ప్రసూతి సెలవు దొరుకుతాయి. భార్యాపిల్లలతోనో, భర్తాపిల్లలతోనో వెళ్ళేవాళ్ళు దీన్ని తక్కువగా చూడకూడదు. కుటుంబం ఉన్నవాళ్ళకు అదనపు భత్యం కూడా ఉంది.

హంబోల్ట్ ఇందుకు భిన్నం. అది జర్మనీ సొంత ఫౌండేషన్, యూనియన్‌ది కాదు. ఏడాది పొడవునా దరఖాస్తులు తీసుకుంటుంది, కమిటీ కూర్చున్నప్పుడల్లా పరిశీలిస్తుంది. ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. అందుకే కోతలు తక్కువ, హక్కులూ తక్కువ. పోస్ట్‌డాక్ విభాగంలో పీహెచ్‌డీ అయ్యాక నాలుగేళ్ళలోపు వేయాలి. పేపర్లు బలంగా ఉన్నవాళ్ళకు అనువుగా ఉంటుంది. మీ హోస్ట్ జర్మనీలో ఉంటే సెప్టెంబరులో క్యూరీకి, అదే ప్రాజెక్టును కొంచెం మార్చి హంబోల్ట్‌కు కూడా వేసుకోండి. రెండూ వస్తే ఒకటి ఎంచుకోవచ్చు.

ఇక ప్రొఫెసర్ టీమ్‌లో ఉద్యోగం. ఇందులో ప్రాజెక్టు మీది కాదు, కానీ త్వరగా దొరుకుతుంది. దీనికో ఉపాయం ఉంది. ఈఆర్‌సీ గెలిచినవాళ్ళ జాబితాలు ఏటా బహిరంగంగా ప్రకటిస్తారు. గ్రాంట్లు కెరీర్ దశను బట్టి మూడు రకాలు: స్టార్టింగ్ గ్రాంట్ల ఫలితాలు సెప్టెంబరులో, కన్సాలిడేటర్ గ్రాంట్లవి ఏడాది చివర్లో, అడ్వాన్స్‌డ్ గ్రాంట్లవి వేసవిలో వస్తాయి. గెలిచిన ప్రతి ఒక్కరికీ ఐదేళ్ళ డబ్బు చేతికొస్తుంది, టీమ్ కట్టుకోవాల్సిన అవసరం వెంటనే మొదలవుతుంది. జాబితా వచ్చిన వారాల్లోనే, వాళ్ళ ప్రాజెక్టు సారాంశం చదివి, మీరు అందులో ఏ భాగం చేయగలరో రాస్తూ మెయిల్ పంపండి. "రెస్పెక్టెడ్ సర్" అంటూ వంద మందికి పంపే ఒకే మెయిల్‌కు జవాబు రాదు. ఎవరికి ఏ యూరోపియన్ డబ్బు వచ్చిందో కోర్డిస్ అనే ఉచిత డేటాబేస్‌లో వెతుక్కోవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, పీహెచ్‌డీ పూర్తయి ఏడాదో రెండేళ్ళో అయినవాళ్ళు క్యూరీకి రాస్తూనే టీమ్ ఉద్యోగాలకూ ప్రయత్నించాలి. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. ఉద్యోగం దొరికిన దేశంలో ఏడాది దాటి ఉంటే ఆ దేశంలో క్యూరీకి మీ అర్హత పోతుంది. చేరే ముందే క్యాలెండర్ దగ్గర పెట్టుకుని లెక్క వేసుకోండి.

ఈఆర్‌సీ ఎవరికి?

ఈఆర్‌సీ 2007లో మొదలైంది. దీనికి ఒక్కటే కొలమానం, పరిశోధన ఉత్కృష్టత. ఫలానా విషయం మీద చేయమని చెప్పరు, భాగస్వాములు ఉండాలనరు. స్టార్టింగ్ గ్రాంట్ ఐదేళ్ళకు 15 లక్షల యూరోల వరకు, కన్సాలిడేటర్ 20 లక్షలు, అడ్వాన్స్‌డ్ 25 లక్షలు. యూరప్ వెలుపలి నుంచి కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్ళకు ల్యాబ్ పెట్టుకోవడానికి అదనపు మొత్తం అడిగే వీలు కూడా ఉంది.

2025 స్టార్టింగ్ గ్రాంట్‌లకు 3,928 మంది దరఖాస్తు వేస్తే 478 మందికి వచ్చింది. ఈ నిష్పత్తి చూసి భయపడనక్కర్లేదు, అయితే ఇది ఎవరి కోసమో అర్థం చేసుకోవాలి. పోస్ట్‌డాక్ ముగించి సొంత గ్రూపు పెట్టబోతున్నవాళ్ళ కోసం. మీరు ముఖ్య రచయితగా గానీ, గైడ్ పేరు లేకుండా గానీ చేసిన మంచి పని ఒకటైనా చూపించగలగాలి. పని సమయంలో కనీసం సగం యూరప్‌లోనో అనుబంధ దేశంలోనో గడపాలి, కాబట్టి ఇండియాలో ఉద్యోగం వదులుకోకుండా పక్కన చేసుకునే వ్యవహారం ఇది కాదు. ఐఐటీలోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో స్థిరపడి, తిరిగి వెళ్ళే ఉద్దేశం లేనివాళ్ళు దీనికోసం నెలలు ఖర్చు పెట్టకపోవడమే మంచిది.

ఇంకొక చిక్కు. పరిశీలన మొదటి దశలో మార్కు బాగా తక్కువగా వస్తే తర్వాతి ఏడాది లేదా రెండేళ్ళు మళ్ళీ దరఖాస్తు వేయనివ్వరు. అందుకని ఒకసారి వేసి చూద్దాం అనే ధోరణి పనికిరాదు. సిద్ధం కాకపోతే ఏడాది ఆగండి. పీహెచ్‌డీ అయ్యాక ఎన్నేళ్ళలోపు వేయాలన్న పరిమితి ప్రతి ఏటి వర్క్ ప్రోగ్రామ్‌లో, అంటే ఆ ఏటి నిబంధనల పత్రంలో, రాసి ఉంటుంది, అది మారుతుంటుంది కాబట్టి మీరు వేసే ఏటిదే చదవండి. ఆడవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సినది ఒకటి ఉంది. పిల్లలు పుట్టినందుకు ఒక్కో బిడ్డకు కనీసం 18 నెలలు ఆ పరిమితికి కలుపుతారు. ఇద్దరు బిడ్డల తల్లికి మూడేళ్ళు వచ్చినట్టు. వయసు దాటిపోయిందని మానేసుకున్న మంచి పరిశోధకులు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరికైనా తలుపు ఇంకా తెరిచే ఉంది.

ఇండియాలోనే ఉండేవాళ్ళకు

ఇక్కడి యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తూ యూరప్‌తో కలిసి పని చేయాలనుకునే అధ్యాపకులకు సరైన చోటు ఉమ్మడి ప్రాజెక్టులు. వీటి కనీస నిబంధన, మూడు వేర్వేరు సభ్య లేదా అనుబంధ దేశాల నుంచి మూడు సంస్థలు ఉండాలి, వాటిలో ఒకటైనా సభ్య దేశానిది కావాలి. మనం ఆ ముగ్గురిలో ఒకరం కాలేం, నాలుగోవాళ్ళుగా చేరాలి. మన ఖర్చుకు డబ్బు మనమే చూపాలి.

అందుకు మంచి మార్గం, రెండు వైపులా కలిసి డబ్బు పెట్టే నోటిఫికేషన్లు. భారత్, ఈయూల మధ్య శాస్త్ర సాంకేతిక ఒప్పందం 2001లో కుదిరింది. దాని నీడలో మన సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం, బయోటెక్నాలజీ విభాగం కొన్ని కాల్స్‌కు, అంటే దరఖాస్తుల నోటిఫికేషన్లకు, మన వైపు డబ్బు పెట్టాయి. నీటి శుద్ధి మీద అలా వచ్చిన ప్రాజెక్టుల్లో పవిత్ర గంగ ఒకటి. కాన్పూర్‌లోని జాజ్‌మవు, ఢిల్లీలోని బారాపుల్లా కాలువ దగ్గర మురుగునీటి శుద్ధి పద్ధతులను దానిలో పరీక్షించారు. ఫ్లూ టీకాల మీద కూడా ఇలాంటి ఉమ్మడి కాల్ నడిచింది. భారత్, ఈయూ వాణిజ్య సాంకేతిక మండలి ఏర్పడ్డాక 2025లో ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీల రీసైక్లింగ్, సముద్ర ప్లాస్టిక్ కాలుష్యం, వ్యర్థాల నుంచి హైడ్రోజన్ అనే అంశాల మీద కలిసి కాల్స్ వేశారు. తీరం పొడవునా బతికే ఆంధ్రకు సముద్ర కాలుష్యం, బ్యాటరీల పరిశ్రమ పెరుగుతున్న తెలంగాణకు రీసైక్లింగ్ దూరపు విషయాలు కావు.

ఇటువంటి కాల్ వచ్చాక భాగస్వాముల కోసం వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. కన్సార్టియంలు, అంటే భాగస్వామి సంస్థల బృందాలు, నోటిఫికేషన్‌కు చాలా ముందే కుదురుతాయి. కోర్డిస్‌లో మీ అంశం మీద వరుసగా ప్రాజెక్టులు గెలుస్తున్న సంస్థలను చూసుకుని, మీ దగ్గర మాత్రమే ఉన్నదేదో, అంటే ఒక క్షేత్రం, ఒక పంట, ఒక రోగుల సమూహం, ఒక కాలుష్య సమస్య, దాన్ని ముందు పెట్టి పరిచయం పెంచుకోండి. మేం కూడా మంచి పరిశోధన చేస్తాం అనే మాటతో వాళ్ళకు అవసరం లేదు. వాళ్ళ దగ్గర లేనిది మీ దగ్గర ఉండాలి. దీన్ని మీ విద్యార్థి ద్వారా మొదలుపెట్టడం సులువు. మీ దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి క్యూరీ ఫెలోగా వెళ్ళిన ల్యాబే, రెండేళ్ళ తర్వాత మీకు భాగస్వామి అవుతుంది.

స్టార్టప్‌లకు

దీని మీద ఎక్కువ చెప్పను, ఎందుకంటే మన కంపెనీల్లో చాలావాటికి ఇది సరిపోదు. ఇన్నొవేషన్ కౌన్సిల్ ఇచ్చే యాక్సిలరేటర్ అనే పథకంలో గ్రాంట్ 25 లక్షల యూరోల వరకు, దానికి తోడు ఈక్విటీ పెట్టుబడి కోటి యూరోల దాకా. చూడటానికి ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ యూరప్ కంపెనీలు అమెరికాకో మరో చోటికో తరలిపోకుండా ఆపడానికి పెట్టిన డబ్బు ఇది. కంపెనీ సభ్య దేశంలోనో అనుబంధ దేశంలోనో నమోదై ఉండాలి. సాంకేతికత ల్యాబ్ దాటి, నిజమైన వాతావరణంలో పని చేస్తుందని చూపే దశకు వచ్చి ఉండాలి. ఈ గ్రాంట్ కోసమే అక్కడొక కంపెనీ నమోదు చేద్దామని సలహా ఇచ్చే కన్సల్టెంట్ల మాట వినకండి. అక్కడ కస్టమర్లు ఉండి, అక్కడ ఉద్యోగులను పెట్టే ఉద్దేశం నిజంగా ఉంటేనే ఆలోచించాలి. యూరప్‌లో చదివి అక్కడే కంపెనీ పెట్టిన తెలుగువాళ్ళకు మాత్రం ఇది గంభీరంగా చూడాల్సిన అవకాశం.

ఇప్పుడు వేయాలా, ఆగాలా?

హొరైజన్ యూరప్ 2027తో ముగుస్తుంది. తర్వాతి కార్యక్రమానికి, 2028 నుంచి 2034 వరకు, 17,500 కోట్ల యూరోలు కావాలని ఐరోపా కమిషన్ 2025 జులైలో ప్రతిపాదించింది. ఇది ప్రతిపాదన మాత్రమే, సభ్య దేశాలూ పార్లమెంటూ ఒప్పుకోవాలి. బడ్జెట్ పెరుగుతుంది కదా అని ఆగమని ఎవరికీ చెప్పను. ఒక కార్యక్రమం ముగిసి మరొకటి మొదలయ్యే ఏడాదిలో కాల్స్ ఆలస్యమవుతాయి. 2021లోనే అది జరిగింది, ఆ ఏడాది క్యూరీ కాల్ జూన్‌లో గానీ తెరుచుకోలేదు. పీహెచ్‌డీ తర్వాత గడిచే ఏళ్ళు మాత్రం మీ ఖాతాలో పడుతూనే ఉంటాయి. వెళ్ళదలచుకున్నవాళ్ళు 2027లోపు కాల్స్‌నే లక్ష్యంగా పెట్టుకోండి.

ఇండియాలో ఉండి పని చేసేవాళ్ళ లెక్క వేరు. భారత్‌ను అనుబంధ దేశంగా చేర్చుకునే అవకాశాన్ని పరిశీలిద్దామని యూనియన్ 2025 సెప్టెంబరులో విడుదల చేసిన వ్యూహపత్రంలో పేర్కొంది. అది జరిగితే ఉమ్మడి ప్రాజెక్టుల్లో మన సంస్థలు సొంత డబ్బు చూపకుండా చేరగలుగుతాయి, నాయకత్వం కూడా వహించగలుగుతాయి. దానికి మన ప్రభుత్వం ఏటా పెద్ద మొత్తం కట్టాలి. కట్టిన డబ్బు తిరిగి రావాలంటే మన సంస్థలు పోటీలో గెలవాలి. ఇప్పుడు సొంత ఖర్చుతోనైనా ఒకటి రెండు కన్సార్టియంలలో చేరి, అక్కడి రిపోర్టింగ్, ఆడిట్, డేటా నిబంధనలు నేర్చుకున్న విభాగాలు ఆ రోజుకు సిద్ధంగా ఉంటాయి. అందుకే అధ్యాపకులకు చెప్పేది, రాబోయే ఏడాదిలో మీ పరిశోధనకు దగ్గరగా ఉన్న ఒక్క యూరోపియన్ గ్రూపుతోనైనా ఉమ్మడి పేపరో, విద్యార్థి మార్పిడో మొదలుపెట్టండి. మీ యూనివర్సిటీ అకౌంట్స్ విభాగంలో విదేశీ ప్రాజెక్టుల లెక్కలు తెలిసిన మనిషి ఉన్నారో లేదో కూడా ఇప్పుడే కనుక్కోండి. లేకపోతే ఒకరికి ఆ పని నేర్పించమని రిజిస్ట్రార్‌ను అడగండి.